చిట్టి ఆఖరి మాట

అరకు బజారులో కొత్తగా నిలిపిన కాఫీ హోర్డింగును, తండ్రి చెయ్యి పట్టుకుని నడుస్తున్న వెన్నెల పైకే చదివింది. "నేను లేకపోయినా ఈ వాసనలో ఉంటాను."

ఫల్గుణ నిలబడిపోయాడు. నిరుడు కాఫీ తోటలు పూతకొచ్చినప్పుడు అతని భార్య చిట్టి ప్రాణం విడుస్తూ అన్న మాట అది. ప్రకటనలు రాసే రవిబాబు తమ ఇంట్లో దిగినప్పుడు, అతనొక్కడికే చెప్పుకున్నాడు.

హోర్డింగు కిందనుంచి రవిబాబు నవ్వుతూ వచ్చాడు. "మీ చిట్టి ఆఖరి మాటే, ఫల్గుణా. కంపెనీ వాళ్లకి తెగ నచ్చింది."

"మనిషివని సెప్పుకున్నాను బాబూ. దాంతో కాపీపొడి అమ్ముకోమని కాదు."

"పేరు వెయ్యలేదు కదయ్యా. ఎవరికి తెలుస్తుంది?"

వెన్నెల తండ్రి చెయ్యి వదిలేసింది. "అమ్మ ఆఖరికి ఏటన్నాదని నానెన్నిసార్లు అడిగాను? ఏటీ అన్లేదన్నావు."

"నువ్వు ఏడుత్తావని సెప్పలేదే, గుంటా."

"ఆయనకి సెప్పావు."

రవిబాబును నిలదీయబోయిన ఫల్గుణ వెన్నెల వైపు తిరిగాడు. తాను రవిబాబును ఎలా చూస్తున్నాడో, కూతురు తననూ అలాగే చూస్తోంది.

వెన్నెల ఒక్కతే ముందుకు నడిచింది. ఆమెను పిలిచే ధైర్యం అతనికి లేకపోయింది.