పిడి కొలత

మాంసం కొడుతుంటే గట్టయ్య చేతిలోంచి కత్తి జారి మొద్దు మీద పడింది.

అతను బొగ్గుబాయి కార్మికుడు. ఆదివారం క్వార్టర్ల లైనువాళ్లంతా కలిసి మేకలు కొంటే, కొట్టి పోగులు పెట్టేది అతనే. నెలరోజులుగా కుడి మణికట్టు వాచి వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. ఆ చేతి మీదే ఇల్లు నడుస్తోంది.

"చెయ్యి ఎప్పటి సంది గుంజుతుంది తమ్మీ?"

అడిగింది ఎవరో ముసలాయన. భుజాన గుడ్డసంచి.

పక్కనే పళ్లెం పట్టుకుని నిలబడ్డ కూతురు తిరుమల తలెత్తింది. చేయి నొప్పి గురించి అడిగే కొత్తవాళ్లంటే ఆమెకు అనుమానం. 'మెడికల్ అన్‌ఫిట్' రాయించి, ఆ కొలువు పిల్లలకు ఇప్పిస్తామని పైసలు గుంజే దళారులు ఇలాగే మొదలుపెడతారు.

"నెల దాటింది కాకా," అన్నాడు గట్టయ్య.

"పిడికిలి పట్టు."

ముసలాయన ఆ పిడికిలికి కత్తి పిడిని ఆనించి కొలిచాడు.

"నాలుగు వేళ్ల ఎడల్పు, ఆపైన ఇంకొక్క వేలు. గంతే ఉండాలె. ఇది మూడు వేళ్లు ఎక్కువుంది. కొట్టినప్పుడల్లా పిడి కొస మణికట్టుకు తాకుతుంది. ఎవలు తెచ్చిండ్రు?"

"నా బిడ్డనే. రెండు నెలల కింద పెద్దపల్లి పోయి ఏరి తెచ్చింది," గట్టయ్య నవ్వాడు.

పొడుగు పిడి అయితే పట్టు బాగుంటుందని తెచ్చింది. పోగుల కోసం నిలబడ్డవాళ్లంతా తనవైపే చూశారు. తిరుమల ముఖం ఎర్రబడింది.

"సంచిల రంపం ఉంది. మూడు వేళ్లంత కోస్త."

"ఇప్పుడు పిడి కోస్తవ్, రేపు మెడికల్ బోర్డుకు పోదామంటవ్! మా బాపు అన్‌ఫిట్ గాడు, పో!"

"బిడ్డా, నేను..."

"దళారి ముచ్చట్లు మాకద్దు!"

"ఈ వయసుల గిదేం బేరం తాతా!" పక్కింటి అనసూర్య అనగానే అందరూ నవ్వారు.

ముసలాయన కత్తిని మెల్లగా మొద్దు మీద పెట్టి వెళ్లిపోయాడు. గట్టయ్య కూతురి ముఖం చూసి, ఆయన్ను వెనక్కి పిలవలేదు.

అదే కత్తితో ఇంకో మూడు ఆదివారాలు కొట్టాక, గట్టయ్య చేతిలో చాయ్ గ్లాసు కూడా నిలవలేదు.

"నరం నలిగిపోయింది. తగిలినచోటే మళ్లీ మళ్లీ ఏదో తగిలింది," అన్నాడు దవాఖానలో డాక్టరు. "ఈ చేత్తో ఇక బాయి పని కాదు. బోర్డుకు రాస్తున్నా."

తిరుమల గోడవైపు తిరిగి ఏడ్చింది.

గట్టయ్యతో ఒకే షిఫ్టు చేసే జైపాల్ చూడటానికి వచ్చి, జరిగింది విని తిరుమలను అడిగాడు.

"ఎడమచేత్తో కొలిచిండా?"

అవును. ముసలాయన కుడిచేయి సంచి కిందే ఉంది. అప్పుడు ఆమె పట్టించుకోలేదు.

"ఎంత పని చేస్తివి పిల్లా! ఆయన మందమర్రి సదయ్య. బాయిల గొడ్డలి పిడి పొడుగై కుడిచెయ్యి పడిపోయి అన్‌ఫిట్ అయిండు. ఇంకెవ్వలు గట్ల గావద్దని, ఆదివారమాదివారం లైన్లెంబడి తిరుగుకుంట, ఒక్క పైస తీసుకోకుంట పిడులు కోసి పోతడు."