చిలక పరికిణీ

"బతికున్నదానికి దండేస్తావా? ఎంత ధైర్యమే నీకు!" కందగడ్డలాంటి ముఖంతో శౌరమ్మ ఫోన్‌లో కనబడుతున్న నాంచారమ్మ మీద విరుచుకుపడింది.

మనవరాలు క్రిస్టినా ఆ పూటే ఆమెను పాత బడి స్నేహితుల ఫేస్‌బుక్ గ్రూపులో చేర్చింది. చేరీ చేరగానే కనిపించింది నాంచారమ్మ పెట్టిన ఏడో తరగతి ఫోటో. అందులో తన ముఖం చుట్టూ పూలదండ, కింద అందరి దండాలూను.

"శౌరీ, నువ్వేనటే? ఉప్పెనలో పోయావనుకున్నామే!"

"అనుకుంటే సరిపోయిందా? ఇంటిల్లిపాదీ కొట్టుకుపోతే తాడిచెట్టు పట్టుకుని నేనొక్కదాన్నే మిగిలాను. పిన్ని బెజవాడ తీసుకొచ్చేదాకా నీ కోసమే చూశాను. ఒక్క అడుగేసి వెతికావా?"

"వెతకలేదా?" నాంచారమ్మ గొంతూ లేచింది. "శవాలన్నీ తిరగేశానే! ముఖం ఆనవాలు లేకపోయినా, నేను చిలక కుట్టిచ్చిన పరికిణీ చూసి పట్టుకున్నాను. అందరితో కలిపి తగలబెడతామంటే మా నాన్న కాళ్లమీద పడి, మీ పద్ధతిలో గొయ్యి తీయించాను. యాభై ఏళ్లు కావస్తోంది, ఏటా కొవ్వొత్తి పెడుతున్నా. నన్ను తిడతావా?"

శౌరమ్మ కూర్చున్నచోటి నుంచి లేచింది.

ఉప్పెన వచ్చిన రోజు పొద్దున ఆ పరికిణీ కావాలని చెల్లెలు మరియ ఏడ్చి గోలపెడితే, తనే విప్పి ఇచ్చింది. చెల్లెలి శవం దొరకనేలేదు.

"క్రిస్టినా, నా చెప్పులు తేవే," అంది. తరవాత ఫోన్‌ని ముఖానికి దగ్గరగా తెచ్చుకుంది.

"నాంచారీ, ఆ చోటు చూపించవే. అక్కడ పడుకున్నది మా మరియ."