షెరీఫ్ ఇలాకా

"నా ఇలాకాలో నన్ను కాదని ఎవరూ గుమ్మం ఎక్కలేరు" అన్నాడు ఆ కౌంటీ పోలీసులకు పెద్దయిన షెరీఫ్ డెల్ రస్క్, తన ఇంటి మెట్లకు అడ్డంగా నిలబడి.

కింద కేంద్ర ప్రభుత్వం పంపిన ఇద్దరు ఫెడరల్ అధికారులున్నారు. వాళ్ళలో పెద్దావిడ ఓర్టెగా. ఆమె చేతిలో జడ్జి సంతకం చేసిన కాగితం ఉంది.

"షెరీఫ్ గారూ, మేం మీ అనుమతి అడగడానికి రాలేదు. మీ భార్య నాడీన్ మాతో రావాలి. ఫెడరల్ కోర్టు ఉత్తర్వు ఇది."

"నన్ను ఈ కౌంటీ జనం ఓట్లేసి గెలిపించారు. నీకెవరు వేశారమ్మా ఓటు?"

గేటు దగ్గర తుపాకులతో నిలబడ్డ, డెల్ కింద పనిచేసే నలుగురు డిప్యూటీలు నవ్వారు. "ఆ కాగితం ఇటివ్వండి, పొయ్యి రాజేసుకుంటాం" అన్నాడొకడు.

వంటింటి కిటికీ తెర వెనక నిలబడి నాడీన్ ఇదంతా వింటోంది. ఇరవై రెండేళ్ళుగా షెరీఫ్ భార్య. తుపాకులు ఆమెకు కొత్త కాదు. అయినా తెర జరిపి బయటికి చూసే ధైర్యం చాలలేదు.

ఓర్టెగా కిటికీ వైపు చూసి గొంతు పెంచింది. "నాడీన్ గారూ, బయటికి రండి. మీకేం కాదు."

నాడీన్ గోడ పట్టుకుని వీధి తలుపు దాకా వెళ్ళింది. తలుపు పిడి మీద చెయ్యి వేసింది. తలుపు అద్దంలోంచి డెల్ వీపు కనిపిస్తోంది. అతని కుడిచెయ్యి నడుముకున్న పిస్తోలు మీద ఉంది. పిడి మీద చెయ్యి అలాగే బిగుసుకుపోయింది.

"ఆమె ఎవరితోనూ రాదు" అన్నాడు డెల్.

ఓర్టెగా డిప్యూటీల వైపు ఒకసారి చూసింది. కాగితం మడిచింది. "రేపు పొద్దున ఇరవై మందితో వస్తాం. అప్పుడిక మాటలుండవు."

దుమ్ము రేపుకుంటూ కారు వెళ్ళిపోయింది. నాడీన్ అక్కడే నేల మీద కూలబడింది.

డెల్ లోపలికొచ్చి గడియ పెట్టాడు. పక్కన కూర్చుని ఆమె భుజం చుట్టూ చెయ్యి వేశాడు.

"పిచ్చిదానా, ఏంటా వణుకు? నేనుండగా నిన్నెవరు తీసుకెళ్తారు? రేపటిదాకా గడప దాటను. నీ పక్కనే ఉంటా."

ఆమె తలూపింది. కళ్ళెత్తి చూడలేకపోయింది.

డెల్ చేతికింది జైలుకి తను భోజనం పట్టుకెళ్ళినప్పుడు అతను ఒక ఖైదీని కొట్టి చంపడం కళ్ళారా చూశానని, తనను ఎలాగైనా ఈ ఇంట్లోంచి తీసుకుపొమ్మని ఓర్టెగాకు ఫోన్ చేసింది నాడీనే.