చవక లెన్స్

"నాకు ఇది చాలండీ," అంటూ కుజుమి రెండు లెన్సుల్లో చవకదాన్ని ముందుకు జరిపాడు.

తమోత్సుకు చిరాకేసింది. ఒసాకాలో, తెన్మా అంగళ్ల వీధిలో ఏళ్ల తరబడి కెమెరాలమ్ముతున్న మనిషి ఆయన. మార్చి వచ్చిందంటే ఆరో తరగతితో చిన్న బడి చదువు ముగిసిన పిల్లలకు పట్టాలిచ్చే వేడుక. ఆ ఒక్క ఫోటో కోసం తల్లిదండ్రులు అప్పు చేసైనా మంచి లెన్స్ కొంటారు.

"సార్, ఇంకోసారి చెబుతా, వినండి. మీరు కూర్చునేది హాల్లో చిట్టచివర. జూమ్ చేసి అమ్మాయిని దగ్గరికి లాగేకొద్దీ ఈ చవకదానిలో వెలుతురు పట్టే కన్ను చిన్నదైపోతుంది. ఆ హాల్లో వెలుతురా, అంతంతమాత్రం. పిల్ల కదిలిందంటే మొహం చెదిరిపోతుంది. ఈ రెండోది అలా కాదు. ఎంత లాగినా కన్ను అంతే తెరుచుకుని ఉంటుంది."

"అర్థమైందండీ. మా అమ్మాయి కదలదు."

"ఆరో తరగతి పిల్ల కదలదా! ఏం, కుర్చీకి కట్టేస్తారా?"

వెనక నిలబడ్డ ఇద్దరు తల్లులు కిసుక్కున నవ్వారు. కుజుమి కూడా నవ్వబోయాడు. ఆ నవ్వు పెదవుల దాకా వచ్చి ఆగిపోయింది.

"పోనీ, వచ్చే నెల పెద్ద బడిలో చేరుతుందిగా. అక్కడ ఆటల పోటీలుంటాయి, నాటకాలుంటాయి..."

"ఇంక దీంతో పని ఉండదండీ."

తమోత్సు అతని ఖరీదైన కోటు వంక చూశాడు. లెన్స్ పెట్టెలో పెడుతూ, "కన్నబిడ్డ దగ్గర కూడా పిసినారితనమే," అని గొణిగాడు. గొణుగుడే కానీ అందరికీ వినపడింది.

కుజుమి తల వంచి నమస్కరించి, పొట్లం తీసుకుని వెళ్లిపోయాడు.

"ఆయన చెవులు చూశారా? కందిపోయాయి," అంది తమోత్సు భార్య ఫుమియె. "నలుగురి ముందు అలాగేనా అనడం?"

"నిజమే కదా అన్నాను."

"ఆయన లెన్స్ కోసం వచ్చాడు, మీ నిజాల కోసం కాదు."

ఆ మధ్యాహ్నం తమోత్సు నూడుల్స్ గిన్నెను సగంలోనే పక్కకు జరిపేశాడు. ఎర్రబడ్డ ఆ చెవులే కళ్లముందు మెదిలాయి. తలుపు గంట మోగినప్పుడల్లా తలెత్తి చూశాడు. అతనే అయితే బాగుండును అనిపించేది. అతనే అయితే ఎలా అని భయం కూడా వేసేది.

వేడుక అయిన మర్నాడు కుజుమి వచ్చాడు. ఫోటో ఒకటి ప్రింటు వేసి పెట్టమని కెమెరా కార్డు అందించాడు.

తమోత్సు బల్ల వెనక నుంచి బయటికొచ్చి నడుం వంచి నమస్కరించాడు.

"ఆ రోజు నోరు జారానండీ. సిగ్గుగా ఉంది. ఫోటో చెదిరిపోయి ఉంటే, నాకు చేతనైనంత బాగు చేసిస్తాను."

"అయ్యో, మీరు చెప్పినట్టే అయిందండీ," అన్నాడు కుజుమి మెల్లగా. "పక్క పిల్లలంతా చెదిరిపోయారు. మా అమ్మాయి ఒక్కతే బాగా వచ్చింది."

తమోత్సు కార్డు పెట్టి ఫోటో తెరిచాడు.

పేరు పిలవగానే లేచి నిలబడుతూ మసకబారిపోయిన పిల్లల నడుమ, జారిపోకుండా తెల్ల రిబ్బనుతో కుర్చీకి కట్టిన పటంలోంచి ఒక పాప చక్కగా నవ్వుతోంది.