సైకిలు నేర్చుకున్న పిల్ల

“చెవి పెట్టి వినండి చేట్టా. టిక్కు టిక్కుమంటోందా?” అంది ప్రజిత.

బల్లకి అవతల కూర్చున్న పుష్కరన్ ముందుకు వంగాడు. అడుగు మూత ఊడదీసి వెల్లకిలా పడేసిన ల్యాప్‌టాప్‌ని చూడలేక, దాన్నుంచి బయటికి తీసిన హార్డ్ డిస్కు దగ్గర మాత్రం చెవి పెట్టాడు.

“వినబడుతోంది. అంటే బతికే ఉన్నట్టా?”

“కొన ఊపిరి. ల్యాప్‌టాప్ మీద ఆశ వదులుకోండి, అదిక లేవదు. ఉప్పుగాలికి లోపలంతా పచ్చగా చిలుం పట్టింది. మిగిలింది ఈ డిస్కే. ఇది కూడా ఎంతసేపు తిరుగుతుందో చెప్పలేను. అందుకే అడుగుతున్నా, ముందు ఏం తీయమంటారు? కాగితాలా, పాటలా?”

“ఫొటోలు మోళే. నావాళ్లంతా అందులోనే ఉన్నారు.”

కేరళలోని అలప్పుళ బోటు జెట్టీ ఎదురుగా ప్రజిత ఈ రిపేరు కొట్టు పెట్టి తొమ్మిదేళ్లయింది. పుష్కరన్‌ని రోజూ చూస్తూనే ఉంటుంది. అన్నని పిలిచినట్టు చేట్టా అంటుంది, ఆయన కూతుర్ని పిలిచినట్టు మోళే అంటాడు. కాయల్ సరస్సు దాటి అవతలి ఊళ్లకి వెళ్లే బోటు నడుపుతాడు. వయసు యాభై దాటింది. ఆయన నవ్వితే అవతలి ఒడ్డుకి వినబడుతుందని జెట్టీలో అందరూ అంటారు. ఇవాళ ఆ మనిషి ముఖంలో నెత్తురుచుక్క లేదు.

“దీనికింత కంగారెందుకు చేట్టా? ఇంట్లోవాళ్లకి ఫోన్ చేసి, ఉన్న ఫొటోలన్నీ మళ్లీ పంపమంటే సరి.”

“వాళ్ల నంబరు నా దగ్గర లేదు.”

స్క్రూడ్రైవరు తిప్పుతున్న ప్రజిత చెయ్యి ఆగింది. ఏదో గొడవై వెళ్లిపోయి ఉంటారనుకుంది. ఇంత మంచి మనిషిని వదిలేసి ఎలా వెళ్లారో! అడిగితే బాగుండదని ఊరుకుంది.

డిస్కుని తన కంప్యూటరుకి తగిలించింది. అది కాసేపు తిరిగి, మూలిగి, ఆగిపోయింది. తీసి చల్లారబెట్టి మళ్లీ తగిలించింది. నాలుగు ఫొటోలు వచ్చాయి. మళ్లీ ఆగింది.

“ఇలాగే చుక్క చుక్క తోడాలి. ఏ ఫొటో ముందు కావాలో చెప్పండి. దానికోసమే చూస్తాను.”

“సైకిలు పిల్లది,” అన్నాడు పుష్కరన్ వెంటనే. “ఎర్ర గౌను వేసుకుని ఉంటుంది.”

ఆ తర్వాత తనంతట తనే చెప్పుకొచ్చాడు. మూడేళ్ల కిందట జెట్టీ మెట్ల మీద జారి తొడ ఎముక విరిగిందట. నాలుగు నెలలు మంచం మీదే.

“ఇక నడవలేవన్నాడు డాక్టరు. గోడవైపు తిరిగి పడుకునేవాణ్ణి. ఆ నాలుగు నెలలూ వీళ్లే మోళే నాకు తోడు. ఒక్క పూట వదిలితే ఒట్టు. ఆ పిల్ల సైకిలు నేర్చుకుంటుంది చూడూ, పడుతుంది, మోకాలు చెక్కుకుపోతుంది, మళ్లీ ఎక్కుతుంది. దాన్ని చూస్తే నాకు సిగ్గేసింది. ఇంత మనిషిని, లేవలేనా అనిపించింది. ఆ రోజే కర్ర పట్టుకుని గుమ్మం దాకా నడిచాను.”

ప్రజిత చేతిలో ఉన్న మిగతా పనులన్నీ పక్కకి నెట్టేసింది.

రెండు రోజులు ఆ డిస్కుకి పురిటి మనిషికి చేసినట్టు చేసింది. ఫ్యాను గాలి తగిలేలా పెట్టింది. పది నిమిషాలు పని చేయించి, అరగంట పడుకోబెట్టింది. ఒడ్డుకి బోటు వచ్చినప్పుడల్లా పుష్కరన్ గుమ్మంలో ప్రత్యక్షం.

“మీరిలా నెత్తిమీద నించుంటే అది భయంతోనే చస్తుంది. వెళ్లి బోటు నడుపుకోండి!” అని కసిరేది ప్రజిత.

“వెళ్తున్నా, వెళ్తున్నా. ముందు నువ్వు కాస్త తిను,” అంటూ తను వండి తెచ్చిన కర్రపెండలం దుంపా చేపల కూరా బల్ల మీద పెట్టి పోయేవాడు.

మూడో రోజు మధ్యాహ్నం డిస్కు పూర్తిగా ఆగిపోయింది. కానీ ఈలోపే పద్దెనిమిది వందల ఫొటోలు బయటపడ్డాయి.

ప్రజిత ఒక్కొక్కటే తెరమీద చూపిస్తుంటే పుష్కరన్ కుర్చీ అంచుకి జరిగాడు.

“అదుగో, పాయసం దొంగ! మూతి తుడుచుకోకుండానే దొరికిపోయాడు చూడు. ఈ ముసలావిడ ఇంతే, ఫొటో అనేసరికి కళ్లు మూసుకుంటుంది. ఆగు, ఆగు, వెనక్కి పోనీ!”

ఎర్ర గౌను పిల్ల. మోకాలికి పట్టీ. చేతులు వదిలేసి సైకిలు తొక్కుతోంది.

పుష్కరన్ నవ్వాడు. ఆ నవ్వు నిజంగానే అవతలి ఒడ్డుకి వినబడేంత పెద్దది. నవ్వుతూనే భుజం మీది తువ్వాలుతో కళ్లు ఒత్తుకున్నాడు.

“ఇన్నింటిలో మీరు ఒక్కదాంట్లోనూ లేరేంటి చేట్టా?”

“నేనెప్పుడూ ఇవతలే కదా మోళే,” అన్నాడు. లేచి రెండు చేతులూ జోడించాడు. “ఏం చెప్పను నీకు? వాళ్లు నన్ను లేపి నిలబెట్టారు. నువ్వు వాళ్లని లేపావు.”

ప్రజిత తెరమీంచి ఆయన వైపు తిరిగింది. ఇంత ప్రేమ ఒక్కడే మోస్తూ ఈ మనిషి ఎన్నాళ్లుంటాడు? ఉండబట్టలేక కలమూ కాగితమూ ముందుకి లాక్కుంది.

“మీ ఇంటి గొడవలు నాకు తెలీవు, అడగను కూడా. నంబరు లేకపోతేనేం, నేను వెతికిపెడతాను. ఫొటో తేదీ చూస్తే పదేళ్ల నాటిది, ఆ పిల్ల ఈపాటికి కాలేజీకి వచ్చి ఉంటుంది. మీరు ఇంతలా తలుచుకుంటున్నారని తెలిస్తే పరుగెత్తుకుని రాదూ? చెప్పండి చేట్టా, ముందు దాని పేరేంటి?”

పుష్కరన్ తెరమీది పిల్ల వైపు తల తిప్పాడు.

“నాకూ తెలీదు మోళే, పాతసామాన్ల కొట్లో నేనీ ల్యాప్‌టాప్ కొన్నప్పటికే వాళ్లు ఇందులో ఉన్నారు.”