ఎదురుకాళ్ళతో పుట్టినవాడు

“మడమ లేవకూడదమ్మా. మోకాలు మాత్రం గోడకు తగలాలి.”

ముళబాగిలు క్లినిక్‌లో తాయమ్మ ఐదు వారాలుగా వింటున్న మాట ఇది. మొదటి రోజు పాదాన్ని గోడకు ఆనించి పెట్టినా మోకాలు జానెడు దూరంలోనే ఆగిపోయింది. అమ్మ గొంతుక్కూర్చుని ఆవును పిండలేకపోతోందని బెంగళూరు నుంచి వచ్చిన కూతురు బలవంతాన ఇక్కడ చేర్పించింది.

ఫిజియోథెరపిస్టు అర్పిత మడమ కింద ఒక చెయ్యి వేసి, రెండో చేత్తో చీలమండ ఎముకను మెల్లగా వెనక్కి నొక్కింది.

“ఏడాదిలో నాలుగుసార్లు బెణికితే బిగుసుకుపోక ఏమవుతుంది? అప్పుడే రాకుండా ఏం చేసినారు?”

“మా గిరీశు ఉండాడు కదమ్మా. నా కొడుకు. ఎదురుకాళ్ళతో పుట్టినాడు. తల కాదు, కాళ్ళు ముందొచ్చినాయి. అట్లాంటోడు మూడుసార్లు కాలితో తొక్కితే బెణుకు దిగిపోతాది. బైరకూరు చుట్టుపక్కల అందరికీ వాడే డాక్టరు.”

“అయితే నాకు పోటీ అన్నమాట! ఒకసారి పిలుచుకుని రండి, చూస్తాను.”

“యాడొస్తాడు? కోడల్ని నోరు జారి ఒక మాటన్నాను. అదే ఊర్లో వేరు కాపురం పెట్టినాడు. మూడేండ్లాయె మాటల్లేక.”

“మరి మీ కాలెట్లా తొక్కినాడు?”

“బెణికిందని కబురొస్తే పగోడింటికైనా పోవల్ల. పోకుంటే ఆ గుణం కాలొదిలి పోతాదంట. వచ్చినాడు, తొక్కినాడు, మంచినీళ్ళైనా ముట్టకుండా పోయినాడు. పోయినసారి మాత్రం ‘నొస్తాందా?’ అన్నాడు.”

తాయమ్మ నవ్వింది. వెంటనే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నొప్పేమో అనుకుని అర్పిత పట్టు కాస్త వదులు చేసింది.

తర్వాత గోడ దగ్గర నిలబెట్టింది. పాదానికీ గోడకూ నడుమ నాలుగు వేళ్ళ ఎడం. తాయమ్మ ముందుకు వంగింది. మడమ నేల మీదే ఉంది. మోకాలు టక్కున గోడకు తగిలింది.

అర్పిత చప్పట్లు కొట్టింది. సుద్దముక్కతో అక్కడ గీత గీసి తేదీ వేసింది. పక్క మంచం మీదున్న ముసలాయన్ని కూడా లేపి చూపించింది.

“ఇంగ మీరు రావాల్సిన పనిలేదమ్మా. మీ గిరీశూ రావాల్సిన పనిలేదు!”

తాయమ్మ తలూపింది.

బైరకూరులో బస్సు దిగి, అది మలుపు తిరిగేదాకా ఆగి, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, మోరీ కాలువ అంచున నిలబడి, అంతకుముందు నాలుగుసార్లు చేసినట్టే తాయమ్మ పాదాన్ని పక్కకు మడిచి ఒంటి బరువంతా దాని మీద వేసింది.