తీగలు తగిలించని కార్డు

పాత ల్యాప్‌టాప్ తన కంపెనీవి కాని రెండు వైర్‌లెస్ కార్డులను కాదంది. మూడోదాన్ని పెట్టగానే ఒప్పుకుంది. కొట్లో ఒంటరిగా కూర్చున్న మెకానిక్ దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు. తెల్లవారితే కూతురి ఉద్యోగ ఇంటర్వ్యూ ఇందులోనే.

ఫోన్ మోగింది. "నాన్నా, కుదిరిందా?"

"కుదిరిందమ్మా. చెప్పుల కొట్లో మీ మేనత్తలాగా అన్నిటికీ వంకలు పెట్టి, చివరికి ఒకదానికి తలూపింది."

కూతురు నవ్వింది. "సరే, త్వరగా వచ్చెయ్."

తెర మీద ఒకే ఒక నెట్‌వర్క్ కనిపించింది. పేరుండాల్సిన చోట ఖాళీగా ఉంది. సిగ్నల్ మాత్రం నిండుగా ఉంది. అడుగు మూత బిగించబోయి అతను ఆగిపోయాడు. సిగ్నల్ పట్టడానికి కార్డుకు తగిలించాల్సిన నల్ల తీగ, తెల్ల తీగ ఇంకా బయటే వేలాడుతున్నాయి. అవి లేకుండా ఇంత సిగ్నల్ అందాలంటే, పంపేది చెయ్యి చాపినంత దూరంలో ఉండాలి.

తన ఫోన్‌దేమోనని దాన్ని స్విచ్చాఫ్ చేశాడు. సిగ్నల్ తగ్గలేదు. కొట్లో సిగ్నల్ పంపే వస్తువు వేరే ఏదీ లేదు.

భగవంతుడా, మరి ఎవరిది?

ల్యాప్‌టాప్ పట్టుకుని వీధిలోకి నడిచాడు. వెనక అడుగుల చప్పుడు లేదు. వీధి మలుపు తిరిగినా సిగ్నల్ ఒక్క గీత తగ్గలేదు. ఇల్లు కనబడగానే, వెంట వస్తున్నదాన్ని కూతురి దగ్గరికే తీసుకెళ్తున్నానని తోచింది. ఇంటర్వ్యూ పోతే పోయిందని కార్డు పీకి కాలువలోకి విసిరేశాడు.

గీతలు మాయమయ్యాయి. హమ్మయ్య అనుకుని ఒక అడుగు వేశాడు.

అప్పుడు తట్టింది. వెంట వస్తున్నది ఎంత దగ్గరలో ఉందో చెప్పగలిగేది ఆ కార్డు ఒక్కటే.

ఎదురుగా కూతురి గదిలో దీపం వెలుగుతోంది. రెండో అడుగు వెయ్యడానికి అతనికి కాలు రాలేదు.